కరీంనగర్ వెండి తీగపని కమ్మలను కరిగించకుండా బాగు చేయించడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. మా నానమ్మ ఇచ్చిన కరీంనగర్ వెండి తీగపని కమ్మల జతలో ఒకదానికి ఆకు ఆకారపు చట్రం నిలిచే ఉన్నా, లోపల నింపిన మెలితీగ చుట్లు కొన్ని ఊడిపోయాయి. ఇక్కడి ఒక దుకాణంలో చూపిస్తే తూకం వేసి, కరిగించి కొత్తవి తీసుకొమ్మన్నారు. పనితనానికి లెక్కే లేని ఆ తూకం నాకు రుచించలేదు.

వెండిని కమ్మచ్చులో (వరుసగా చిన్నవయ్యే రంధ్రాలున్న లోహపు పలకలో) లాగి సన్నని తీగ తీసి, రెండు పోగులు మెలివేసి, చదును చేసి, చుట్లుగా చుట్టి చట్రంలో టంకంతో అతికే ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. మంట కాస్త ఎక్కువైతే తీగే కరిగిపోతుంది కనుక, మామూలు అతుకులు వేసేవారికి ఇవ్వడానికి జంకుతున్నాను.

కరీంనగర్‌లో పాత నగలు బాగుచేసే తీగపనివారు ఎవరైనా మీకు తెలుసా? మా ఇంట్లోని పాత పట్టీల వెండి ఇస్తే దాన్నే శుద్ధి చేసి తీగ తీస్తారా, లేక తమ వెండే వాడతామంటారా? మజూరీ గ్రాముల లెక్కనా, పట్టిన రోజుల లెక్కనా? బేరమాడే ఉద్దేశం లేదు, న్యాయమైనది ఇవ్వాలనే అడుగుతున్నాను.