సహాయం ఆపేసిన దేశాన్ని అంతర్జాతీయ చట్టం నిలదీయగలదా?

ప్రశ్న: కొత్తపాఠం

అందరికీ నమస్తే. అంతర్జాతీయ చట్టం చదువుతున్నాను, అభివృద్ధి సహాయం దగ్గరికి వచ్చేసరికి తల తిరుగుతోంది, కాస్త దారి చూపండి. ఐక్యరాజ్యసమితి చార్టర్ 55వ అధికరణంలో జీవన ప్రమాణాలు పెరగాలి, అందరికీ పని దొరకాలి, ఆర్థిక సామాజిక ప్రగతికి తగిన పరిస్థితులు కల్పించాలి అని ఉంది. ఆ వెంటనే 56లో, వీటికోసం ఉమ్మడిగానూ విడివిడిగానూ పనిచేస్తామని సభ్యదేశాలన్నీ మాట ఇచ్చాయి. 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక 2వ అధికరణంలో కూడా అంతర్జాతీయ సహాయం, సహకారం అనే మాటలు ఉన్నాయి. ఇవన్నీ చదివితే సంపన్న దేశాల మీద చట్టపరమైన బాధ్యత ఉందనే అనిపిస్తుంది.

కానీ 2025లో అమెరికా తన విదేశీ సహాయ సంస్థ అయిన యూఎస్‌ఎయిడ్‌ను ఎత్తేసి వేల కార్యక్రమాలు రద్దు చేసింది. హెచ్‌ఐవీ మందుల మీద బతుకుతున్నవాళ్లు, పోషకాహార కేంద్రాలకు పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులు ఒక్కసారిగా దిక్కులేనివాళ్లయ్యారు. అయినా సహాయం పోగొట్టుకున్న ఒక్క దేశం కూడా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేయలేదు. ఎందుకు? వేసినా నిలబడదా? సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సహాయంగా ఇవ్వాలన్న లక్ష్యం అంటారు కదా, అది చట్టమా, ఉత్త మాటేనా? సంతకాలు అయిపోయిన ఒప్పందాన్ని మధ్యలో ఆపేస్తే ఏమవుతుంది? పరీక్ష కోసం మాత్రమే అడగడం లేదండీ, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

జవాబు: సంతకం

మీ ప్రశ్నకు హేగ్ న్యాయస్థానం ఎప్పుడో జవాబు చెప్పేసింది, కాకపోతే సహాయం గురించి రాసే పుస్తకాల్లో అది పెద్దగా కనిపించదు, ఎందుకంటే అందరూ ఆ తీర్పును బలప్రయోగం కోసమే చదువుతారు. నికరాగ్వా కేసు, 1986. నికరాగ్వా ప్రభుత్వం మీద పోరాడే కాంట్రా తిరుగుబాటుదారులకు అమెరికా ఆయుధాలూ శిక్షణా ఇవ్వడం, ఓడరేవుల్లో మందుపాతరలు పెట్టడం గురించిన కేసుగానే అందరికీ గుర్తు. కానీ నికరాగ్వా అందులో ఆర్థిక విషయాలు కూడా లేవనెత్తింది. 1981లో అమెరికా ఆర్థిక సహాయం ఆపేసింది, 1983లో చక్కెర దిగుమతి కోటాను 90 శాతం కోసేసింది, 1985 మే 1న వాణిజ్యం మొత్తం నిషేధించింది. ఇవన్నీ మా అంతర్గత వ్యవహారాల్లో జోక్యమే అని వాదించింది. వీటిని సంప్రదాయ అంతర్జాతీయ చట్టం (ఒప్పందంలో రాసి లేకపోయినా దేశాల ఆచారం వల్ల ఏర్పడిన చట్టం) కింద జోక్యంగా చూడలేమని కోర్టు తేల్చింది. సహాయం ఆపడం గురించి విడిగా ఇంకోమాట కూడా అంది. సహాయం అనేది ఇచ్చే దేశం తనంతట తాను, స్వచ్ఛందంగా చేసే పని, కాబట్టి దాన్ని ఆపేయడం అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఒప్పంద ఉల్లంఘన కాదు అని.

అయితే అదే తీర్పులో ఇంకో సంగతి ఉంది చూడండి. వాణిజ్య నిషేధం విషయంలో అమెరికా ఓడిపోయింది. ఎందుకంటే ఆ రెండు దేశాల మధ్య 1956 నాటి స్నేహ, వాణిజ్య, నౌకాయాన ఒప్పందం ఉంది, నిషేధం దాన్ని ఉల్లంఘించింది. ఎదుటి దేశం ఫలానా పని చేస్తానని కాగితం మీద ఒప్పుకొని ఉంటే కోర్టు పట్టుకుంది, లేకపోతే వదిలేసింది. నన్నడిగితే ఈ రంగం మొత్తానికీ తాళంచెవి ఇదే.

56వ అధికరణం సంగతికొస్తే, అది ప్రతిజ్ఞే, కాదనడం లేదు. కానీ ఎంత ఇవ్వాలి, ఎవరికి, ఎప్పటిలోగా అన్నది అందులో లేదు. 0.7 శాతం వచ్చింది 1969 నాటి పియర్సన్ కమిషన్ నివేదిక నుంచి, దాన్ని 1970 అక్టోబరు 24న సర్వప్రతినిధి సభ 2626 నంబరు తీర్మానంలో పెట్టుకుంది. ఆ దశాబ్దం మధ్యకల్లా స్థూల జాతీయోత్పత్తిలో 0.7 శాతానికి చేరడానికి సంపన్న దేశాలు 'శక్తివంచన లేకుండా కృషి చేస్తాయి' అన్నది దాని సారం. సర్వప్రతినిధి సభ తీర్మానాలు ఇలాంటి విషయాల్లో సిఫార్సులే, పైగా అమెరికా ఆ లక్ష్యాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. 2024లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) అభివృద్ధి సహాయ కమిటీ దేశాలన్నీ కలిపి ఇచ్చింది వాటి జాతీయాదాయంలో 0.33 శాతం. 0.7 దాటినవి నార్వే, లక్సెంబర్గ్, స్వీడన్, డెన్మార్క్, అంతే.

హేగ్‌కు ఎందుకు వెళ్లలేదంటే ఇంకో మామూలు కారణం కూడా ఉంది. ఆ న్యాయస్థానం పరిధిని సాధారణంగా ఒప్పుకుంటూ ఇచ్చిన ప్రకటనను అమెరికా 1985లోనే వెనక్కి తీసుకుంది, సరిగ్గా ఈ నికరాగ్వా కేసు మూలంగానే. దాంతో అమెరికా సమ్మతి లేకుండా దాన్ని అక్కడికి లాగడం కష్టం. మీరు చెప్పిన 1966 ఒడంబడిక మీద 1977లో సంతకం పెట్టింది గానీ ఇప్పటికీ ధ్రువీకరించలేదు, అంటే అందులోని బాధ్యతలకు కట్టుబడలేదు.

జవాబు: నీలిసిరా

సంతకం గారు చెప్పినదానికి ఇంకోవైపు ఉంది. సహాయం విషయంలో కోరలున్న చట్టం ఎక్కువగా ఇచ్చే దేశపు సొంత చట్టమే. పెర్గావ్ డ్యామ్ కేసు తప్పకుండా చదవండి, నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం కలిగించిన కేసు అది. మలేషియాలో జలవిద్యుత్ ప్రాజెక్టు, బ్రిటన్ నుంచి 23 కోట్ల 40 లక్షల పౌండ్ల సహాయం. బ్రిటన్ సహాయ శాఖ ఆర్థికవేత్తలే లెక్కలు వేసి, ఇంతకంటే చవకగా కరెంటు తెచ్చుకునే దారులున్నాయి, ఇది గిట్టుబాటు కాదని తేల్చారు. శాఖ అధిపతి టిమ్ లాంకెస్టర్ ఈ ఖర్చు మీద తన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా పెట్టారు. అయినా 1991లో విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ సరే అన్నారు. ఆ సహాయం హామీకీ, మలేషియా బ్రిటిష్ ఆయుధాలు కొనడానికీ 1988లో ముడిపడిందన్న విషయం తర్వాత బయటపడి పెద్ద గొడవైంది.

కోర్టుకు వెళ్లింది మలేషియా కాదు, బ్రిటన్‌లోనే ఉన్న వరల్డ్ డెవలప్‌మెంట్ మూవ్‌మెంట్ అనే ప్రచార సంస్థ. వాళ్లు ఆయుధాల గొడవ జోలికి పోకుండా 1980 నాటి సహాయ చట్టం మొదటి సెక్షన్ పట్టుకున్నారు. ఒక దేశపు అభివృద్ధిని ప్రోత్సహించడానికి, లేదా అక్కడి ఆర్థిక వ్యవస్థను నిలబెట్టడానికి, లేదా ప్రజల సంక్షేమం కోసం మంత్రి డబ్బు ఇవ్వవచ్చు అని ఆ సెక్షన్ చెబుతుంది. ఆర్థికంగా ఇంత లోపభూయిష్ఠమైన ప్రాజెక్టు ఆ ప్రయోజనం కిందికి రాదు, కాబట్టి ఈ నిర్ణయం చట్టవిరుద్ధం అని 1994 నవంబరులో హైకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. మలేషియాతో ఒప్పందం అప్పటికే అయిపోయింది, దాన్ని తప్పలేరు, అందుకని ప్రభుత్వం ఆ డబ్బును సహాయ బడ్జెట్ బయటి నుంచి కట్టింది. ఇటు సొంత చట్టం, అటు ఇచ్చిన మాట, రెండూ పనిచేశాయి. 2002లో వచ్చిన కొత్త చట్టం పేదరికం తగ్గించడాన్నే సహాయానికి ప్రధాన షరతు చేసింది.

ఇక 0.7 గురించి. బ్రిటన్ దాన్ని 2015లో ఏకంగా చట్టమే చేసింది. కానీ ఆ చట్టం 3వ సెక్షన్ చదవండి. లక్ష్యం తప్పితే మంత్రి పార్లమెంటు ముందు ఒక వివరణ పెట్టాలి, జవాబుదారీకి అదొక్కటే మార్గం, లక్ష్యం తప్పినంత మాత్రాన ఏ చర్యా చెల్లకుండా పోదు అని ఉంటుంది. అంటే కోర్టు తలుపు అక్కడే మూసేశారు. 2021లో 0.5కి తగ్గించాలన్నప్పుడు సభలో 333-298తో నెగ్గించుకుంటే సరిపోయింది. ఇలాంటి చట్టాలు చదివేటప్పుడు మొదటి సెక్షన్‌లోని గొప్ప మాటల దగ్గర ఆగొద్దు, తప్పితే ఏమవుతుందో చెప్పే సెక్షన్ ముందు వెతకండి.

అమెరికాలోనూ 2025లో కేసులు వేసింది సహాయం అందుకునే దేశాలు కాదు, ఆ కార్యక్రమాలు నడిపే సంస్థలు. వాళ్ల వాదన, కాంగ్రెస్ కేటాయించిన డబ్బును ఖర్చు పెట్టకుండా ఆపే అధికారం అధ్యక్షుడికి లేదని. మార్చిలో సుప్రీంకోర్టు 5-4తో, అప్పటికే చేసిన పనికి బిల్లులు చెల్లించమన్న కింది కోర్టు ఉత్తర్వును ఆపడానికి ఒప్పుకోలేదు. సెప్టెంబరులో మాత్రం దాదాపు 400 కోట్ల డాలర్లు నిలిపి ఉంచుకోవడానికి ప్రభుత్వానికి వీలు కల్పించింది. పోషకాహార కేంద్రంలో ఉన్న పిల్లవాడి సంగతి ఆ వాదనల్లో కేంద్రంగా లేనే లేదు, అంతా ఆ దేశపు అధికారాల పంపకం గురించే. అది నాకు చాలా బాధ అనిపించింది.

జవాబు: విడుదల

నేను రుణ ఒప్పందాల అమలు వైపు పనిచేస్తాను, అందుకని మీ మూడో ప్రశ్నకు మాత్రం చెబుతాను. సంతకాలైన ఒప్పందం కచ్చితంగా చట్టమే. ప్రపంచ బ్యాంకు ఒక సభ్యదేశంతో చేసుకునే రుణ ఒప్పందం అంతర్జాతీయ ఒప్పందం కిందే లెక్క, చార్టర్ 102వ అధికరణం ప్రకారం ఐక్యరాజ్యసమితిలో రిజిస్టర్ కూడా అవుతుంది. మీ స్థానిక చట్టంలో ఏమున్నా సరే ఈ ఒప్పందం చెల్లుతుంది అని జనరల్ కండిషన్స్‌లో, అంటే బ్యాంకు రుణ ఒప్పందాలకు వర్తించే ఉమ్మడి షరతుల పత్రంలో నేరుగా రాసి ఉంటుంది. ఒప్పందం అమల్లోకి రావాలంటే, ఇది మా దేశాన్ని చట్టపరంగా కట్టిపడేస్తుంది అని రుణం తీసుకునే దేశం తరఫున లీగల్ ఒపీనియన్ ఇవ్వమని బ్యాంకు అడగవచ్చు.

కానీ ఆ బరువు ఎటువైపు పడుతుందో చూడండి. సేకరణ నిబంధనలు, పర్యావరణ, పునరావాస షరతులు, ఆడిట్ గడువులు, ఇవన్నీ తీసుకునే దేశం మీదే. వాటిలో ఒకటి తప్పితే విత్‌డ్రాయల్స్ (రుణం సొమ్ము తీసుకోవడం) సస్పెండ్ చేయొచ్చు, మిగిలిన మొత్తం రద్దు చేయొచ్చు, పరిస్థితి ముదిరితే అసలు మొత్తం ఒకేసారి కట్టమని కూడా అడగొచ్చు. ద్వైపాక్షిక గ్రాంట్లలో అయితే చాలాచోట్ల 'నిధుల లభ్యతకు లోబడి' అనే ఒక్క ముక్క ఉంటుంది, ఇచ్చే దేశం పార్లమెంటు డబ్బు కేటాయించకపోతే అంతే సంగతులు. తిరిగి కట్టడం గురించి అంత వివరంగా రాస్తారు, ఇస్తామన్నది ఆగిపోతే మధ్యలో కూలీలకూ కాంట్రాక్టర్లకూ ఎవరు చెల్లించాలో చాలా ఒప్పందాల్లో ఒక్క లైను కూడా ఉండదు. ఫైళ్లలో దీన్ని చూసినప్పుడల్లా కోపం వస్తుంది నాకు. చర్చల టేబుల్ దగ్గరే ఆ లైను కోసం గట్టిగా పట్టుబట్టాలి, సంతకం అయ్యాక ఎంత అరిచినా లాభం లేదు.

కొత్తపాఠం:

చాలా థాంక్స్ అందరికీ. పెర్గావ్ తీర్పు ఇప్పుడే మొదలుపెట్టాను. అయితే ఇచ్చే దేశం 'ఇంత ఇస్తాం' అని అంతర్జాతీయ ఒప్పందంలోనే కట్టుబడిన సందర్భం ఒక్కటి కూడా లేదా?

జవాబు: గట్టుమీద

ఉంది, అందుకే సంతకం గారితో పూర్తిగా ఏకీభవించలేను. 1967 నుంచీ ఆహార సహాయ ఒడంబడికలు ఉన్నాయి. 1999 నాటి దాంట్లో ఏ దేశం ఏటా కనీసం ఎన్ని టన్నుల గోధుమలకు సమానమైన సహాయం ఇవ్వాలో పట్టికే వేశారు, అమెరికా వంతు 25 లక్షల టన్నులు. 2012లో దాని స్థానంలో వచ్చిన ఒడంబడికలో ఏ దేశానికి ఆ దేశమే ఏటా తన కనీస వాగ్దానం ప్రకటించుకుంటుంది. నా ఉద్దేశంలో అది వెనకడుగే. అయినా, సహాయం స్వభావరీత్యా చట్టానికి లొంగదు అనే మాట నిజం కాదని చూపించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. దేశాలు కావాలనుకుంటే టన్నుల లెక్కన కట్టుబడగలవు.

ఇంకొకటి వాతావరణ నిధులు. పారిస్ ఒప్పందం 9వ అధికరణం, అభివృద్ధి చెందిన దేశాలు వర్ధమాన దేశాలకు ఆర్థిక వనరులు అందించి తీరాలి అన్నట్టే ఉంటుంది, కృషి చేస్తాయి అన్న మెత్తని మాట కాదు. మొత్తం ఎంతో అందులో లేదు. కానీ 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయంలో ఇది చట్టపరమైన బాధ్యతే అనీ, ఒప్పందం లక్ష్యాలు నెరవేరే స్థాయిలో దాన్ని నిర్వర్తించాలనీ, ఇచ్చే దేశాల స్తోమత, తీసుకునే దేశాల అవసరం లాంటివాటిని బట్టి ఆ స్థాయిని అంచనా కట్టవచ్చనీ చెప్పింది. సలహా అభిప్రాయం ఎవరినీ నేరుగా కట్టడి చేయదు, నిజమే. కానీ నికరాగ్వా నాటి 'స్వచ్ఛందం' అన్న మాటకూ దీనికీ ఎంత దూరముందో చూడండి. పైగా మొదట మెత్తగా రాసుకున్న తీర్మానాలే కాలక్రమంలో ఇలాంటి అధికరణాలుగా మారుతుంటాయి.

సంతకం:

గట్టుమీద గారూ, వాతావరణం విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను, కానీ అక్కడ కూడా కోర్టు ఒక ఒప్పందంలోని అధికరణాన్ని పట్టుకునే నడిచింది, 55, 56 అధికరణాల నుంచి నేరుగా ఒక మొత్తాన్ని లాగలేదు. కొత్తపాఠం గారూ, మీరు వ్యాసం రాస్తుంటే ముందు ఒక దేశాన్నీ ఒక నిర్దిష్ట నిధినీ ఎంచుకోండి. ఆ డబ్బు గ్రాంటా, రుణమా, ఏ ఒప్పందం కింద వస్తోంది, ఇచ్చే దేశంలో ఏ చట్టం దాన్ని కేటాయించింది, సస్పెన్షన్ క్లాజులో ఏముంది అని ఒక్కొక్క కాగితం తీసి చదవండి. విడుదల గారు చెప్పిన జనరల్ కండిషన్స్ ప్రపంచ బ్యాంకు వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి, దాంతో మొదలుపెట్టండి.