అడవినాభిలో ‘నాభి’ అంటే బొడ్డు కాదండీ

నిన్న ఇక్కడ అడవినాభి అనే విషపు తీగ పువ్వు ఫొటో పెడితే, దాని కింద ఎక్కువమంది నాభి అంటే బొడ్డు అనే అర్థం పట్టుకుని, పువ్వులో ఆ పోలిక వెతికారు. నాకు వేరే దారి సరైనదనిపిస్తోంది. మూలికల కొట్లో వసనాభి అనే విషపు దుంప అమ్ముతారు కదా, సంస్కృతంలో వత్సనాభం. దాన్నే పొట్టిగా నాభి అనడమూ ఉంది. అది హిమాలయాల మొక్క. మన అడవుల్లో దుంప నిండా విషమున్న తీగ ఇంకోటి కనపడింది కాబట్టి దాన్ని అడవినాభి అన్నారు, అడవిమొల్ల అన్నట్టే. రెండింటికీ చుట్టరికమేమీ లేదు, కలిసింది విషం దగ్గరే.

ఈ తీగకున్న మిగతా పేర్లూ చూడండి. సంస్కృతంలో లాంగలి, అంటే నాగలిది. తవ్వి చూస్తే దుంప రెండు కొమ్మలుగా చీలి, అచ్చం నాగలి వంపుతో ఉంటుంది. మనవాళ్లు కలప్పగడ్డ అన్నదీ అదే, తమిళంలో కలప్పై అంటే నాగలి. పొత్తిదుంప అనే పేరూ ఉంది. అన్నీ మట్టిలో ఉన్నదాన్ని చూసి పెట్టినవే! పువ్వును చూసి పెట్టిన పేరు, నాకు తెలిసినంతలో, మనకు అగ్నిశిఖ ఒక్కటే, అదీ సంస్కృతమే. తమిళులకు మాత్రం సెంగాందళ్ అనే సొంత పేరుంది. సంగకాలపు ప్రాచీన తమిళ కావ్యం కురింజిప్పాట్టులో 99 పూల వరుస దీనితోనే మొదలవుతుంది. ఇప్పుడు అది తమిళనాడు రాష్ట్ర పుష్పం.

ఆ పువ్వును దగ్గరగా చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. వానాకాలంలో పొదల మీదికి పాకుతుంది. పాకడానికి వేరే నులితీగలుండవు, ఆకు కొనే సన్నగా సాగి మెలిక తిరిగి పక్క కొమ్మను పట్టుకుంటుంది. ఆరు రేకులు అంచులు ముడతలు పడి వెనక్కి విరుచుకుంటాయి. మొదట ఆకుపచ్చ, తర్వాత పసుపు, ఆఖరికి నిప్పు ఎరుపు. కీలం, అంటే పువ్వు మధ్య అండాశయం నుంచి వచ్చే సన్నని కాడ, మొదట్లోనే పక్కకు మడత పడి, పువ్వు బయటికి చాచినట్టుంటుంది.

మరి పేర్లన్నీ దుంపవే ఎందుకు? తవ్వేవాళ్లు పెట్టారు కాబట్టి అని నా నమ్మకం. ఇవాళ దాన్ని అడవిలో అరుదు చేస్తున్నదీ ఆ తవ్వకమే. దుంపలో, గింజల్లో కాల్చిసిన్ అనే విషపదార్థం ఉంటుంది. గౌట్ అనే కీళ్ల జబ్బు నొప్పులకు మందు అది. గింజల కోసం తమిళనాడులో దీన్ని పొలాల్లోనే పండిస్తారు, కాయ బాగా పట్టాలని పొద్దున్నే చేత్తో పుప్పొడి అద్దుతారు. కానీ నాటడానికి దుంపలు చాలాకాలం అడవి నుంచే వచ్చాయి. దుంప కొమ్మకు మొలక కన్ను కొన దగ్గర ఒక్కటే. తవ్వేటప్పుడు అది విరిగితే ఆ ముక్క మొలవదు. గింజ నుంచి వస్తే పువ్వు పూయడానికి మూడు నాలుగేళ్లు.

ఏ జీవజాతికి అంతరించే ముప్పు ఎంతో చెప్పే ఐయూసీఎన్ అంతర్జాతీయ జాబితా చూసి “లీస్ట్ కన్సర్న్ (ముప్పు తక్కువ) కదా, టెన్షన్ ఎందుకు” అని ఒకరు రాశారు. ఆ మాట నిజమే, ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా ఉన్న మొక్కకు మొత్తంగా ఇచ్చిన హోదా అది. మన ఊరి గుట్ట మీద తీగలు మిగిలాయో లేదో అందులో తెలియదు. జాబితాలో ఆ మాట ఉందని గుట్టను వదిలేయడం నాకు ఒప్పదు.

ఇది తింటే ప్రాణాలు పోతాయి. తినే దుంప అనుకుని పొరపాటున తిని చనిపోయినవాళ్లున్నారు. పేరు గురించి మాట్లాడుకునే ఈ చోట వైద్యం చిట్కాలు పెట్టొద్దని నా మనవి.

నల్లమల, శేషాచలం, పాపికొండలు, ఆదిలాబాద్ వైపు వాళ్లు మీ పెద్దవాళ్లు ఏమని పిలుస్తారో రాయండి. ముఖ్యంగా పువ్వును చూసి పెట్టిన అచ్చతెలుగు పేరుంటే తప్పకుండా చెప్పండి. మండలం పేరు చాలు. తీగ ఏ గుట్ట మీద, ఏ వాగు పక్కన ఉందో మాత్రం ఇక్కడ రాయకండి, ఫొటోకు లొకేషన్ కూడా తీసేసి పెట్టండి.