సిగరెట్ మానేశాక నికోటిన్ గమ్ నమిలినా నోరు పీకుతోంది, ఏం చెయ్యాలి?

గాజువాక తమ్ముడు:
మా అన్నయ్య స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. రోజుకి పాతిక దాకా కాల్చేవాడు, లేచీ లేవగానే మొదటిది వెలగాల్సిందే. సోమవారం నుంచి పూర్తిగా మానేశాడు. ఇప్పుడు తలనొప్పి, చేతుల వణుకు, పిల్లల మీద అరుపులు, నిద్ర అసలు లేదు. 2 మి.గ్రా. నికోటిన్ గమ్ తెచ్చిచ్చాం. గొంతు మంట, ఎక్కిళ్ళు తప్ప పని చెయ్యట్లేదంటున్నాడు. ఆపెయ్యమనాలా? ఈ బాధ ఎన్నాళ్ళుంటుంది?

మందులషాపు మాస్టారు:
ఆపొద్దు, నమిలే తీరు మార్పించండి. ఎక్కిళ్ళు వస్తున్నాయంటే మామూలు బబుల్‌గమ్‌లా గబగబా నమిలేస్తున్నారు. నికోటిన్ ఒంటికి పట్టేది బుగ్గ లోపలి పొర నుంచి. ఉమ్మితో మింగేస్తే కడుపులో మంట మిగులుతుంది, రక్తంలోకి చేరేది కొంచెమే. మెల్లగా నమిలి, నోరు చురుక్కుమనగానే ఆపి, ముక్కని బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. నిమిషానికి ఆ చురుకు తగ్గాక మళ్ళీ కాస్త నమిలి ఇంకో పక్క పెట్టాలి. ఇలా ఒక్కో ముక్క అరగంట.

దానికి పావుగంట ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్ళు తప్ప ఏదీ తాగకూడదు. కాఫీ, సోడా, నిమ్మరసం లాంటివి నోట్లో పులుపు పెంచుతాయి, అప్పుడు నికోటిన్ పట్టదు. గమ్ పనిచెయ్యలేదని మా దగ్గరికి తిరిగొచ్చేవాళ్ళలో చాలామంది టీ గ్లాసు చేత్తో పట్టుకుని నమిలేవాళ్ళే.

మోతాదు కూడా చాలట్లేదు. లేచిన అరగంటలోపే కాల్చే అలవాటుంటే 4 మి.గ్రా. కావాలి, దానికి డాక్టరు చీటీ ఉండాలి. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత 3 వారాలు 2–4 గంటలకి, ఆఖరి 3 వారాలు 4–8 గంటలకి. రోజుకి 24 దాటకూడదు. నోరు పీకినప్పుడే వేసుకుందామనుకుంటే ఆలస్యమైపోతుంది: ఆ పీకుడు ఐదు పది నిమిషాలే ఉంటుంది, గమ్ పూర్తిగా పనిచెయ్యడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. అందుకే గడియారం చూసి వేసుకోవాలి.

వాల్తేరు సిస్టర్:
వణుకు, నిద్రలేమి చదవగానే నాకు టీ మీద అనుమానమొచ్చింది. షిఫ్టులో ఎన్ని టీలు తాగుతున్నారు? పొగలోని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ని త్వరగా విరగ్గొడుతూ ఉంటుంది. సిగరెట్ మానిన కొద్ది రోజులకే ఆ వేగం తగ్గిపోతుంది. అవే టీలు తాగినా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. ఆ గుండెదడ, చిరాకు అన్నీ సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని మళ్ళీ వెలిగిస్తారు, అదే నా బాధ. టీలు సగానికి తగ్గించండి. నైట్ షిఫ్టయితే అర్ధరాత్రి తర్వాత వద్దు.

రెండో మూడో రోజులే గడ్డువి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది, ఆకలి మాత్రం ఇంకొన్నాళ్ళు ఎక్కువగానే ఉంటుంది. దగ్గు పెరిగితే కంగారుపడకండి, ఊపిరితిత్తులు కఫాన్ని బయటికి తోస్తున్నాయి. మలబద్ధకానికి జామకాయ, చోడి (రాగి) అంబలి, నీళ్ళు. సిగరెట్ బదులు వక్కపొడి, ఖైనీ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, రెండూ నోటి క్యాన్సర్ తెచ్చేవే.

ఇన్సులిన్ గానీ, ఆయాసానికి థియోఫిలిన్ గానీ వాడుతుంటే ఈ వారమే డాక్టరుకి చెప్పండి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

గాజువాక తమ్ముడు:
చాలా థాంక్సండీ. టీలు ఎనిమిది దాకా అవుతున్నాయట! ఇంకో మాట. మా మామ్మ చుట్ట అడ్డపొగ తాగుతుంది, అంటే వెలిగించిన కొన నోటి లోపలే పెట్టుకుని. అన్నయ్యని చూసి తనూ మానేస్తానంటోంది. ఇదే గమ్ ఇవ్వొచ్చా?

వాల్తేరు సిస్టర్:
కట్టుడుపళ్ళుంటే గమ్ అంటుకుపోతుంది. డాక్టరుని అడిగి నికోటిన్ ప్యాచ్ (ఒంటికి అంటించే పట్టీ) పెట్టడం మేలు. మన ఊరి ఉక్కకి చెమట తుడిచి, వెంట్రుకల్లేని చోట అంటించి, పది సెకన్లు అరచేత్తో నొక్కాలి. రోజూ చోటు మార్చాలి. పీడకలలొస్తే రాత్రి తీసెయ్యండి.

అంతకంటే ముందు ఆవిడ నోరు చూపించండి. నిప్పు కొన లోపల పెట్టుకోవడంతో వేడంతా అంగిలికే తగులుతుంది. ఉత్తరాంధ్ర ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్‌కి ఇదే పెద్ద కారణం. తల వెనక్కి వంచి టార్చి వేసి చూడండి. తెల్లటి మందపాటి మచ్చలు, మధ్యలో ఎర్రటి చుక్కలు, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే విశాఖ కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) తీసుకెళ్ళండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు, మొదట్లో నొప్పి ఉండదు.

మందులషాపు మాస్టారు:
సిగరెట్ పెట్టె మీద ఉండే, పొగాకు మానడానికి సాయం చేసేవాళ్ళ నంబరు 1800-11-2356కి ఫోన్ చెయ్యమనండి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, తర్వాత వాళ్ళే మళ్ళీ చేసి కనుక్కుంటారు.