పాత కారు డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు ఉంచుకోవాలా, ఎలక్ట్రానిక్ కిట్ వేసుకోవాలా?

టెస్ట్‌లాంప్:
పాత కారు ఇంజిన్ మిస్ అవుతోందని (అప్పుడప్పుడు స్పార్కు పడక కుదుపుతోందని) ఎవరు అడిగినా ఒకటే సలహా వస్తోంది: "పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టెయ్యండి, గొడవ వదిలిపోతుంది." పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్‌లకి స్పార్కు పంచే భాగం) తెరుచుకుంటూ మూసుకుంటూ, స్పార్కు పుట్టించే కాయిల్‌కి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్. అదే పని ఎలక్ట్రానిక్‌గా చేసేది కిట్. ఈ సలహా మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. చాలాసార్లు తప్పు పాయింట్లది కాదు. పక్కనున్న కండెన్సర్‌ది (పాయింట్లు తెరుచుకునేటప్పుడు మంట కొట్టకుండా ఆపేది), లేదా పాయింట్లు సరిగా పెట్టకపోవడం వల్ల వచ్చినది.

ముందు లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 4,000 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే నిమిషానికి 8,000 స్పార్కులు కావాలి. అంటే స్పార్కుకీ స్పార్కుకీ మధ్య 7.5 మిల్లీసెకన్లు. డ్వెల్, అంటే పాయింట్లు మూసుకుని ఉండే కోణం, ఒక్కో స్పార్కుకి వచ్చే 90 డిగ్రీల్లో 60 ఉంటే ఆ సమయంలో మూడింట రెండు వంతులు, 5 మిల్లీసెకన్లు, పాయింట్లు మూసుకునే ఉంటాయి. 3 ఓమ్‌ల మామూలు కాయిల్ చాలావరకు నిండడానికి అది సరిపోతుంది. నెమ్మదిగా తోలే కారుకి కిట్ పెట్టినంత మాత్రాన స్పార్కు బలం పెరగదు. కాయిల్ మారలేదు కదా! కిట్ చేసేదీ స్విచ్ పనే.

పెట్టే పద్ధతి దగ్గరే పొరపాట్లన్నీ జరుగుతాయి. కొత్త పాయింట్ల ముఖాల మీద తుప్పు పట్టకుండా పూసిన పొర ఒకటి ఉంటుంది. స్పిరిట్‌తో తుడవకుండా బిగిస్తే బండి స్టార్టే కాకపోవచ్చు. పాయింట్ల మధ్య తెల్ల కాగితం పెట్టి, మూసి లాగండి. నల్ల గీత పడకుండా వచ్చేదాకా అలాగే చెయ్యాలి. షాఫ్ట్‌తో తిరుగుతూ పాయింట్లని తెరిచే కామ్ మీద అగ్గిపుల్ల తలంత గ్రీజు చాలు. ఎక్కువైతే అది విసిరికొట్టి పాయింట్ల మీద పడి కాలిపోతుంది. రోటర్ (క్యాప్ కింద తిరుగుతూ స్పార్కుని ప్లగ్‌లకి పంచేది) తీస్తే కనిపించే ఫెల్ట్ మీద రెండు మూడు చుక్కల ఇంజిన్ ఆయిల్ వెయ్యండి. మడమ (పాయింట్లలో కామ్‌ని ఒరుసుకునే భాగం) కామ్ శిఖరం మీద ఉన్నప్పుడు గ్యాప్ చూడాలి. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్లలో 0.35 నుంచి 0.40 మి.మీ. ఫీలర్ గేజ్ పట్టీపట్టనట్టు జారాలి.

గ్యాప్ ముందు, టైమింగ్ (స్పార్కు పడే సమయం) తర్వాత. ఈ వరస తిప్పితే టైమింగ్ మళ్లీ పెట్టుకోవాల్సిందే. మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, డ్వెల్ పెరుగుతుంది. డ్వెల్ ఒక డిగ్రీ పెరిగితే క్రాంక్ దగ్గర టైమింగ్ ఒక డిగ్రీ వెనక్కి పోతుంది.

హాల్‌సెన్సర్:
మీ లెక్కతో నాకు పేచీ లేదు. కానీ ఆ చివరి మాట నా వాదనకే బలం. మడమ అరుగుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది, తోలేవాళ్లకి తెలియకుండానే పికప్ తగ్గుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. కిట్‌లో అరిగే మడమ లేదు. షాఫ్ట్ మీద అయస్కాంతాల రింగు, పక్కన సెన్సర్, అంతే. ఒకసారి పెట్టిన టైమింగ్ ఉన్నచోటే ఉంటుంది.

ఇంకో సంగతి, నెలకోసారి బయటికి తీసే కారు గురించి ఆలోచించండి. తడిగాలికి పాయింట్ల ముఖాల మీద సన్నని పొర పడుతుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా అంటుకోదు. క్యాప్ తీసి కాగితంతో రుద్దితే గానీ కదలదు. క్రిస్లర్ 1973 నాటికి తన కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషనే ఇచ్చేసింది. కార్లు తయారుచేసేవాళ్లే పాయింట్లు వదిలేశారంటే దానికి కారణం ఉండబట్టే కదా.

వీ8 అయితే మీ లెక్క కూడా మారిపోతుంది. ఎనిమిది సిలిండర్లకి ఒకే జత పాయింట్లుంటే 5,000 ఆర్‌పీఎమ్‌లో స్పార్కుల మధ్య 3 మిల్లీసెకన్లే. అందులో మూసుకుని ఉండేది 2. కాయిల్ సగం నిండుతుందేమో, అంతే.

ఓమ్‌మీటర్:
హాల్‌సెన్సర్ గారూ, మీరు చెప్పిన ఇబ్బందులన్నీ ఒప్పుకుంటాను. అయితే కిట్లు ఎందుకు కాలిపోతున్నాయో కూడా చెప్పాలి. అది చెప్పకుండా పెట్టుకోమనడం సబబు కాదు.

మొదటిది కాయిల్. బలాస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి పోయే కరెంటుని తగ్గించే నిరోధం) పనిచేసే కాయిల్ ప్రైమరీ చుట్ట సుమారు 1.5 ఓమ్‌లు ఉంటుంది. బలాస్ట్ లేనిది సుమారు 3 ఓమ్‌లు. 3 ఓమ్‌ల కాయిల్ కోసం చేసిన మాడ్యూల్‌ని (కిట్‌లోని ఎలక్ట్రానిక్ స్విచ్) 1.5 ఓమ్‌ల కాయిల్‌కి నేరుగా కలిపితే 4 ఆంపియర్లు పోవాల్సిన చోట 8 పోతాయి. మాడ్యూల్ బతకదు. వైర్లు విప్పి కాయిల్ రెండు టెర్మినళ్ల మధ్య మీటర్ పెడితే నిమిషంలో తేలే విషయం ఇది.

రెండోది తాళం చెవి. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లోనే ఉంచి రేడియో వింటూ కూర్చుంటే కాయిల్ కాగిపోతుంది. ఆ సమయంలో కరెంటు ఆపే ఏర్పాటు లేని మాడ్యూల్ అయితే అదీ పోతుంది.

మూడోది పోలారిటీ. 1960ల నడిమి దాకా వచ్చిన బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. నెగటివ్ ఎర్త్ కిట్‌ని అందులో కలిపితే ఆన్ చేసిన క్షణంలోనే ఖతం. కారు ఏ ఏడాదిదన్నది చూసి ఊరుకోవద్దు. మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. బ్యాటరీ దగ్గర బాడీకి పోయే మందపాటి తీగ ఏ టెర్మినల్ నుంచి పోతోందో కళ్లతో చూడండి.

ప్లగ్ వైర్లు రాగి తీగవైతే వాటి రొద సెన్సర్‌ని తికమక పెడుతుంది. రెసిస్టెన్స్ ఉన్న వైర్లు వేసుకోవాలి. పాత స్మిత్స్ టాకోమీటర్లలో (ఆర్‌పీఎమ్ చూపే మీటర్లు) కాయిల్‌కి పోయే కరెంటు తమ లోంచే పోయేవి కొన్ని ఉన్నాయి. కిట్ పెట్టాక వాటి ముల్లు పిచ్చిగా ఆడొచ్చు, పూర్తిగా పడిపోనూ వచ్చు.

బుష్‌ప్రెస్:
ముగ్గురూ పైపైనే వాదిస్తున్నారండీ. అసలు జబ్బు కింద ఉంది, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ని పట్టి ఉంచే బుష్‌లో.

క్యాప్ తీసి, రోటర్ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ నొక్కి చూడండి. పాయింట్ల మధ్య సందు కంటికి కనిపించేలా మారుతోందంటే బుష్ అరిగింది. మీటర్‌తో తేల్చుకోవాలంటే వాక్యూమ్ పైపు (ఇంజిన్ పీల్పుతో టైమింగ్ జరిపే గొట్టం) తీసి, దాని నోరు మూసి, ఐడిల్‌లో డ్వెల్ చూసి, 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర మళ్లీ చూడండి. తేడా 3 డిగ్రీలు మించితే ఆ డిస్ట్రిబ్యూటర్‌లో ఎంత మంచి పాయింట్లు పెట్టినా నిలకడ రాదు. షాఫ్ట్ ఊగినప్పుడల్లా గ్యాప్ మారుతుంది, నాలుగు సిలిండర్లకీ నాలుగు రకాల టైమింగ్.

ఇలాంటి దానికి కిట్ పెడితే బండి బాగుపడినట్టే అనిపిస్తుంది. ఊగుడు ప్రభావం సెన్సర్ మీద పాయింట్ల మీద ఉన్నంత ఉండదు కాబట్టి. దాంతో పాయింట్లదే పాపమని తీర్మానించేస్తారు. షాఫ్ట్ మాత్రం ఊగుతూనే ఉంటుంది.

బుష్ మార్చడం భయపడాల్సిన పని కాదు. షాఫ్ట్ అడుగున దాన్ని ఇంజిన్‌తో కలిపే డ్రైవ్ గేరు లేదా డాగ్ ఏ దిక్కున ఉందో ముందే గుర్తు పెట్టుకుని, పిన్ను కొట్టి షాఫ్ట్ బయటికి తీయాలి. డాగ్ తిరగబడి కూర్చుంటే స్పార్కు 180 డిగ్రీలు తప్పుతుంది. కొత్త బుష్ సన్నని రంధ్రాలున్న కంచు రకమైతే వేసే ముందు 24 గంటలు ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టండి. బిగుతుగా ఉందని రీమర్ పెట్టి గీకొద్దు. రంధ్రాలు మూసుకుపోతాయి, ఆ రంధ్రాల్లో నూనెతోనే షాఫ్ట్ బతుకుతుంది.

అదే చేత్తో పాయింట్లు బిగించే బేస్ ప్లేట్ నుంచి బాడీకి పోయే చిన్న మెత్తటి ఎర్త్ తీగని కూడా చూడండి. వాక్యూమ్ లాగినప్పుడల్లా ప్లేటు కదులుతుంది, దాంతోపాటు ఆ తీగా వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. ఐడిల్‌లో బ్రహ్మాండంగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కగానే తటపటాయించే కారులో నేను మొదట అనుమానించేది దీన్నే.

ఫ్లైవెయిట్:
ఇంకొకటి కలుపుతాను. బేస్ ప్లేట్ కింద, వేగం పెరిగేకొద్దీ టైమింగ్‌ని ముందుకు జరిపే అడ్వాన్స్ బరువులు, స్ప్రింగులు ఉంటాయి. ఎండిన గ్రీజుతో అవి పట్టేస్తే పాయింట్లయినా, కిట్ అయినా ఒకటే. రోటర్ని తిరిగే దిక్కులో కొంచెం మెలిపెట్టి వదలండి. గబుక్కున వెనక్కి రావాలి. వాక్యూమ్ గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చి, నాలుకతో మూస్తే ప్లేటు కదిలి అక్కడే ఆగాలి. జారిపోతే లోపలి పొర చిరిగింది.

టెస్ట్‌లాంప్:
బుష్‌ప్రెస్ గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కండెన్సర్ సంగతి నేనే సగంలో వదిలేశాను, అది పూర్తి చేస్తాను.

కండెన్సర్ విలువ సుమారు 0.2 మైక్రోఫారడ్. 0.18 నుంచి 0.25 మధ్య ఉంటే ఫరవాలేదు. అది చచ్చిపోతే పాయింట్లు తెరుచుకునేటప్పుడు నీలిరంగు మంట కొడుతుంది, ముఖాలు కాలిపోతాయి. విలువ తేడాగా ఉంటే ఒక ముఖం మీద గుంట, ఎదుటి దాని మీద ఆ గుంటకి సరిపోయే బొడిపె లేస్తుంది. అలాంటి పాయింట్ల మధ్య ఫీలర్ గేజ్ పెడితే కొలత అబద్ధం. బొడిపె మీద ఆనుతుంది, పక్కన అసలు గ్యాప్ ఇంకా పెద్దది. అక్కడ డ్వెల్ మీటరే నమ్మాలి.

వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్టయ్యే కారుకి కండెన్సర్ని చల్లగా కొలిస్తే లాభం లేదు. జుట్టు ఆరబెట్టే డ్రయర్‌తో చేయి పెట్టలేనంత వేడి చేసి కొలవండి. కొత్తది కొన్నారు కదా అని మినహాయించకండి, పెట్టెలోంచి తీసిందే లీకవ్వచ్చు. డిస్ట్రిబ్యూటర్ బయట, కాయిల్ పక్కన బిగిస్తే వేడి బాధ తగ్గుతుంది, తీగ మరీ పొడవు కాకుండా చూసుకుంటే చాలు.

పాయింట్లు మార్చిన వెంటనే స్పార్కే రాకపోతే టెర్మినల్ వరస చూడండి. కాయిల్ తీగ, కండెన్సర్ తీగ రెండూ పాయింట్ స్ప్రింగుకి తగలాలి, స్తంభానికి గానీ ప్లేటుకి గానీ తగలకూడదు. మధ్యలో వేసే ఇన్సులేటర్ బుడిపె తలకిందులైతే కరెంటు నేరుగా ఎర్త్‌కి పోతుంది.

పాటినా:
నా ప్రశ్న వేరు. ఫీవా (పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య) లెక్కలో చారిత్రక వాహనం అంటే కనీసం 30 ఏళ్లు నిండి, చరిత్రకి తగ్గ స్థితిలో కాపాడుతూ, రోజువారీ ప్రయాణానికి వాడనిది. అలాంటి కారులో క్యాప్ కింద కనపడదు కదా అని మార్చేయడం ఎంతవరకు న్యాయం? మార్పు తప్పనిసరైతే వెనక్కి తీసుకునేలా ఉండాలి. కిట్ కోసం ప్లేటుకి కొత్త రంధ్రం పొడిచినా, వైరింగ్ కోసినా అది వెనక్కి రాదు. విప్పిన ప్రతి ముక్కా చీటీ కట్టి దాచాలి.

హాల్‌సెన్సర్:
పాటినా గారూ, మీ షరతు నాకూ సమ్మతమే. రంధ్రాలు పొడిచే కిట్లు నేనూ వద్దంటాను. ఉన్న స్క్రూ రంధ్రాల్లోనే కూర్చునేవి ఉన్నాయి. కానీ రద్దీ రోడ్డు మధ్యలో ఆగిపోయే కారు ఎంత అసలు సిసలుదైనా ప్రమాదమే. ఆ ఒక్క కారణంతో నేను ఇప్పటికీ కిట్ వైపే.

ఓమ్‌మీటర్:
ఆగిపోవడం మాటే తీసుకుందాం. పాయింట్లు చెప్పి చెప్పి పోతాయి: ముందు తటపటాయింపు, తర్వాత మిస్సింగ్, ఆ తర్వాతే ఆగడం. మాడ్యూల్ చెప్పాపెట్టకుండా పోతుంది, రోడ్డు పక్కన బాగుచేసే మార్గం లేదు. బ్యాటరీ బలహీనంగా ఉండి సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే కొన్ని మాడ్యూళ్లు అసలు పనిచేయవు, పాయింట్లు మాత్రం ఎంతోకొంత కొడతాయి.

ఈ రెంటికీ మధ్య దారి ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. పాయింట్లు అలాగే ఉంచి, బయట ఒక ట్రాన్సిస్టర్ పెట్టె పెట్టడం. కాయిల్ కరెంటు పెట్టె మోస్తుంది, పాయింట్ల మీద పడేది ఆంపియర్‌లో చిన్న ముక్క. మంట కొట్టదు, ముఖాలు కాలవు, అరిగేది మడమ ఒక్కటే. పెట్టె పోతే రెండు తీగలు మార్చుకుని పాత పద్ధతిలోనే ఇంటికి రావచ్చు. అందుకని కండెన్సర్ని తీసేయకుండా దగ్గరే ఉంచుకోవాలి.

బుష్‌ప్రెస్:
ఈ పద్ధతి నాకు నచ్చింది. పూర్తి కిట్ పెట్టుకునేవాళ్లకైనా ఒక మాట: పాయింట్లు, కండెన్సర్ బిగించి, గ్యాప్ సరిచూసిన పాత బేస్ ప్లేటు ఒకటి డిక్కీలో పెట్టుకోండి. దాంతోపాటు ఒక స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజ్, టెస్ట్ లాంప్. మాడ్యూల్ పోతే ప్లేటు మార్చి, లాంప్‌ని పాయింట్ టెర్మినల్‌కీ ఎర్త్‌కీ కలపండి. ఇంజిన్ని టైమింగ్ గుర్తు దగ్గరికి తెచ్చి, లాంప్ వెలిగే చోట డిస్ట్రిబ్యూటర్ని బిగించేయండి.

ఇంకోటి, కిట్ పెట్టామని ప్లగ్ గ్యాప్ 0.65 నుంచి 1 మి.మీ.కు పెంచేవాళ్లున్నారు. కాయిల్ పాతదే అయితే అది చెయ్యకండి. గ్యాప్ పెరిగితే అంత వోల్టేజీ కావాలి, అది దూకడానికి ప్లగ్ కంటే తేలికైన దారి వెతుక్కుంటుంది. రివెట్ ఉన్న రోటర్ అయితే రివెట్ దగ్గర పగిలి షాఫ్ట్‌లోకి దిగుతుంది. అనుమానముంటే రోటర్ అడుగున వెంట్రుకంత నల్ల గీత ఉందేమో టార్చి వేసి చూడండి.