ఆరుగురం, ఒకటే బల్ల: చలి ముదిరే లోపు ఏ ఆట కొనాలి?

గోరింట:

నమస్కారమండి. నేను జర్మనీలో, డోర్ట్‌మండ్‌లో ఉంటాను. అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పేస్తారు. మర్నాటి నుంచి సాయంత్రం ఐదు దాటగానే చీకటి. వేసవంతా ఫీనిక్స్ చెరువు గట్టున కూర్చునే మా బృందం ఇక శుక్రవారాలు మా వంటింటికి మారుతుంది.

మేం ఆరుగురం. నేను, నాతో ఇల్లు పంచుకునే గుంటూరు అమ్మాయి, ఎంఎస్ చదువుతున్న కరీంనగర్ తమ్ముడు, మా ఆఫీసులో పనిచేసే జర్మన్ దంపతులు, పై అంతస్తులో ఉండే పోలండ్ అబ్బాయి. బల్ల కొలిచాను: 120 సెంటీమీటర్ల పొడవు, 80 వెడల్పు. పకోడీల పళ్లెమూ టీ కప్పులూ దాని మీదే ఉండాలి.

పోయిన ఏడాది రెండు పొరపాట్లు చేశాను. మొదటిది, చిన్నప్పుడు మనం బిజినెస్ అనే వాళ్లమే, స్థలాలు కొని అద్దెలు వసూలు చేసే ఆ ఆట పెట్టాను. మూడున్నర గంటలు సాగింది. గుంటూరు అమ్మాయి నలభై నిమిషాలకే దివాలా తీసి, చేసేదేమీ లేక గిన్నెలు తోమింది. ఆ రాత్రి మా ఇంట్లో అడుగంటిన పాలగిన్నె కూడా తళతళలాడింది.

రెండోది కోడ్‌నేమ్స్. బల్ల మీద 25 మాటలు పరుస్తారు, జట్టు నాయకుడు ఒక్క మాట సూచనగా ఇచ్చి తమ జట్టు మాటలు కనుక్కోమంటాడు. ఆట మంచిదే, కానీ మా పెట్టె జర్మన్ భాషది. 'పార్కు, రెండు' అన్నాడు మా నాయకుడు, అంటే ఆ సూచనకు తగిన మాటలు రెండున్నాయని. చెట్టు దొరికింది. రెండోది ఏమిటో మా ముగ్గురికీ తోచలేదు. అది 'బాంక్' అట. జర్మన్‌లో ఆ మాటకు డబ్బులు దాచుకునే బ్యాంకనే కాదు, కూర్చునే బెంచీ అని కూడా అర్థం ఉంది. ఆ తర్వాత మేం ముగ్గురం నవ్వడం తప్ప ఆడింది లేదు.

కాబట్టి ఈసారి ముందే అడుగుతున్నాను. ఆరుగురూ ఆడాలి, మధ్యలో ఎవరూ బయటికి పోకూడదు, పది నిమిషాల్లో నేర్పగలగాలి. నలభై యూరోలు దాటను.

మ్యూనిక్ మామయ్య:

మీ చిక్కంతా ఆరు అనే అంకెలోనే ఉందండి. అంగడిలో కళ్లను కట్టిపడేసేలా ఉండే పెట్టెల్లో చాలావాటికి నలుగురైదుగురితో సరి. కటాన్ ముగ్గురికి లేదా నలుగురికి, అయిదారుగురు ఆడాలంటే అదనపు పెట్టె విడిగా కొనాలి. అజూల్ నలుగురి వరకే, కార్కసోన్ అయిదుగురి వరకు. అందుకని బొమ్మ చూసి మురిసిపోకుండా, పెట్టె మీద మనుషుల సంఖ్య ఎక్కడ రాశారో అది చూడండి ముందు.

తర్వాత ఎర్రటి పావు గుర్తు కోసం వెతకండి. జర్మనీలో 1979 నుంచి ఏటా ఒక ఆటకు 'ష్పీల్ దెస్ యారెస్' బహుమతి ఇస్తున్నారు, అంటే ఆ ఏటి మేటి ఆట. దాని గుర్తే ఆ ఎర్ర పావు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడదగ్గ వాటికే అది దక్కుతుంది. అదే పావు ముదురు బూడిద రంగులో ఉంటే కాస్త చేయి తిరిగిన వాళ్లకని అర్థం, మీ మొదటి శుక్రవారానికి దాన్ని ముట్టుకోకండి. నీలం రంగు పిల్లలకు.

ఇక నా మాట వింటే 6 నిమ్ట్ కొనండి, 'జెక్స్ నిమ్ట్' అని పలకాలి. వోల్ఫ్‌గాంగ్ క్రామర్ 1994లో చేసిన కార్డుల ఆట. పదిమంది వరకు ఆడవచ్చు, మాటల అవసరమే లేదు, అన్నీ అంకెలే. 1 నుంచి 104 దాకా కార్డులు. తలా పది పంచి, బల్ల మీద నాలుగు వరసలకు ఒక్కో కార్డు పెడతారు. అందరూ ఒక కార్డును బోర్లా పెట్టి ఒకేసారి తిప్పాలి. చిన్న అంకె ముందు. ఏ వరస చివరి కార్డు మీ అంకెకు కింది నుంచి బాగా దగ్గరగా ఉందో అక్కడ చేర్చాలి. వరసలో ఆరో కార్డు మీదైందా, ముందున్న అయిదూ మీ నెత్తిన పడ్డట్టే. కార్డుల మీద ఎద్దు తలలు ఉంటాయి, అవే తప్పు పాయింట్లు. ఎవరికైనా 66 వచ్చాయంటే ఆట ముగుస్తుంది, అందరికన్నా తక్కువ ఉన్నవాళ్లు గెలిచినట్టు. 55 నంబరు కార్డు మీద ఏకంగా ఏడు తలలున్నాయి, అది కనబడితే మా ఇంట్లో దండం పెట్టి పక్కకు జరుగుతాం.

మరీ పోటీ వద్దనుకుంటే జస్ట్ వన్ ఉంది, 2019లో ఎర్ర పావు దానికే వచ్చింది. ముగ్గురి నుంచి ఏడుగురి వరకు. ఒకరు ఊహించాలి, మిగిలినవాళ్లు ఒక్కో మాట రహస్యంగా రాయాలి, ఒకే మాట ఇద్దరు రాస్తే రెండూ చెరిపేయాలి. మా ఇంట్లో ఒకసారి 'గుమ్మడికాయ' వచ్చింది. ఇద్దరు 'సూప్' రాశారు, ఇద్దరు 'హాలోవీన్' రాశారు, నాలుగూ పోయాయి. మిగిలింది మా ఆవిడ రాసిన 'దిష్టి'. ఊహించాల్సిన జర్మన్ కుర్రాడు ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మీ దేవత పేరా అని అడిగాడు. మీ 'బాంక్' గొడవ ఇందులోనూ రావచ్చు గానీ, రాసేవాళ్లకు మాట తెలియకపోతే దాని బదులు ఇంకో మాట తీసుకోవచ్చు, ఆ వెసులుబాటు నియమాల్లోనే ఉంది.

మరో సంగతి. డోర్ట్‌మండ్ నుంచి ఎస్సెన్ రైల్లో అరగంట కూడా పట్టదు. 1983లో మొదలైన ఆటల సంత అక్కడ ఏటా అక్టోబరులో జరుగుతుంది. బల్లల దగ్గర కూర్చోబెట్టి నేర్పుతారు, ఆడి చూసి కొనుక్కోవచ్చు. శనివారం మాత్రం వెళ్లకండి, తీర్థంలో తప్పిపోయినట్టే ఉంటుంది.

రెండు బల్లలు:

నాదొక అడ్డుమాట. ఆరుగురున్నారని ఆరుగురూ ఒకే ఆట ఆడాలని ఎక్కడుంది? ముగ్గురు, ముగ్గురుగా విడిపోండి. ఒక జట్టుకు కార్కసోన్, 72 పలకలు ఒక్కొక్కటీ పేర్చుకుంటూ ఊళ్లూ బాటలూ కట్టుకుంటారు. మొదటిసారి పొలాల లెక్క పూర్తిగా వదిలేయండి, కొత్తవాళ్లు విసుక్కునేది అక్కడే. ఇంకో జట్టుకు అజూల్. గంటకోసారి చోట్లు మార్చుకుంటే సరి. నలభై యూరోలలో రెండూ రావంటారు కదా, అందుకే కొనవద్దు. జర్మనీలో చాలా ఊళ్ల గ్రంథాలయాలు ఆటలు అరువిస్తాయి. తెచ్చి ఆడి, నచ్చిందే కొనుక్కోండి. పాతవి కొనేటట్టయితే ముక్కలు లెక్కపెట్టుకోండి. నేను 71 పలకల కార్కసోన్ కొన్న మనిషిని.

మ్యూనిక్ మామయ్య:

ముగ్గురు ముగ్గురుగా విడిపోతే ఇటు తెలుగు, అటు జర్మన్ అవుతుంది చూడండి. మాకు ప్రతిసారీ అదే జరిగింది. ఎవరూ కావాలని చేయరు, కుర్చీలే అలా జరుగుతాయి.

తెనాలి పెద్దమ్మ:

అమ్మాయీ, పోయిన ఏడు సెప్టెంబరు నుంచి మూడు నెలలు మా అబ్బాయి దగ్గర లైప్‌జిగ్‌లో ఉన్నాను. వాడి స్నేహితులు శనివారాలు వచ్చేవాళ్లు. వాళ్ల ఆటల పుస్తకం ఇరవై పేజీలు, ఒకరు చదవడం, మిగిలినవాళ్లు ఫోన్లు చూసుకోవడం. నాకు విసుగెత్తి, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె చింపి అష్టాచమ్మా గీశాను. అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్లు. గవ్వలేవీ? పిస్తాపప్పు డొప్పలు నాలుగు తీసుకున్నాను. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. రెండింటికీ మళ్లీ వేసే పందెం ఉంటుంది. కాయలకు పార్కులో ఏరుకొచ్చిన చెస్ట్‌నట్లు, గుర్తుకు ఒక్కొక్కరివి ఒక్కో రంగు దారంతో చుట్టాను.

ఆట నలుగురిదే, కానీ ఆరుగురుంటే ఇద్దరేసి కలిసి మూడు జట్లుగా కూర్చోండి, ఒకరు వేయడం, ఒకరు జరపడం. మా ఇంటి పద్ధతిలో, ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపకపోతే లోపలి గళ్లలోకి పోవడానికి లేదు. అడ్డగీతలు కొట్టిన ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం చంపకూడదు. ఈ ఒక్క మాట వాళ్లకు గట్టిగా చెప్పు, లేకపోతే పేచీలొస్తాయి. భాష అక్కర్లేదు తల్లీ. రెండో వారానికి ఆ పిల్లలు 'చమ్మ, చమ్మ' అని అరుస్తుంటే కింది అంతస్తు ఆవిడ పైకొచ్చింది. ఆమెకూ ఒక కుర్చీ వేశాం.

గోరింట:

అందరికీ ధన్యవాదాలు. రెండు శుక్రవారాలు గడిచాయి, జరిగింది చెబుతాను.

6 నిమ్ట్ కొన్నాను, పది యూరోల లోపే అయింది. నేర్పడానికి నాలుగు నిమిషాలు. మా జర్మన్ సహోద్యోగి లెక్కల మనిషి, ప్రతి కార్డుకూ కళ్లు మూసుకుని ఆలోచిస్తాడు. గుంటూరు అమ్మాయి అసలు చూడకుండానే వేస్తుంది. మూడు ఆటల్లో రెండు ఆమే గెలిచింది. ఆ 55 మాత్రం కరీంనగర్ తమ్ముడికి వరసగా రెండుసార్లు తగిలింది, ఇప్పుడతన్ని అందరూ ఎద్దుల ఆసామి అంటున్నారు.

రెండు బల్లలుగారూ, గ్రంథాలయం సంగతి చెప్పి మేలు చేశారు, జస్ట్ వన్ అక్కడే దొరికింది. చోట్లు మార్చుకునే పద్ధతి మాత్రం కుదరలేదు, మాకున్నది ఒకటే బల్ల.

పెద్దమ్మగారూ, మొన్న అట్ట మీద అష్టాచమ్మా గీశాను. పోలండ్ అబ్బాయిని నా జట్టులో వేసుకున్నాను. మా కాయ లోపలి గడి అంచుకు వచ్చి ఆగింది, ఇంకా ఒక్కదాన్నీ చంపలేదు మరి. మూడు చుట్లు అక్కడక్కడే తిరిగాం. చివరికి అతను డొప్పలు రెండు చేతుల మధ్య గలగలలాడించి వేస్తే అష్ట పడింది, సరిగ్గా ఎనిమిదో గడిలో జర్మన్ దంపతుల కాయ. దాన్ని తీసి అతని చేతిలో పెడితే జేబులో వేసుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి బయల్దేరాలి, ఇచ్చేయమని వాళ్లు, ఇవ్వనని ఇతను.

డొప్పలు ఇప్పుడు మూడే మిగిలాయి, ఒకటి ఎవరి కాలి కిందో నలిగింది. రేపు పిస్తా కొనాలి.