‘అబా అల్లర్లు’ అనాలా, ‘ఆడవాళ్ల పోరు’ అనాలా?

ప్రశ్న: 1929లో ఆగ్నేయ నైజీరియాలో ఆడవాళ్లు బ్రిటిషు పాలన మీద తిరగబడినదాన్ని ఇంగ్లీషులో ‘అబా రయట్స్’ అంటారు. తెలుగులో ‘అబా అల్లర్లు’ సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. అది బ్రిటిషు ఫైళ్ల మాట. అక్కడి ఇగ్బో జనం భాషలో దాని పేరు ‘ఓగు ఉమున్వాన్యి’. ఓగు అంటే పోరు, ఉమున్వాన్యి అంటే ఆడవాళ్లు. ‘అల్లర్లు’ అంటే పనీపాటా లేని గుంపు గోల అనిపిస్తుంది. 1928లో మగవాళ్ల మీద పన్ను పడింది. దానికి ముందు తలలు లెక్కపెట్టారు. 1929 నవంబరులో ఒలోకో ఊళ్లో లెక్కలవాడొచ్చి మేకలెన్ని, గొర్రెలెన్ని, మనుషులెందరని అడిగాడు. పామాయిలు తీస్తున్న న్వాన్యెరువా ‘మీ అమ్మను లెక్కపెట్టారా?’ అని ఎదురడిగింది. మళ్లీ లెక్కపెడుతున్నారంటే ఈసారి పన్ను ఆడవాళ్ల మీదేనని అనుమానం, అందుకే ఆ ఎత్తిపొడుపు. కబురు ఊరూరా మట్టలతో పాకింది (తాటిమట్టలని రాయకండి, అవి ఆయిల్‌పామ్‌వి). బ్రిటిషువాళ్ల పోలీసులు, సైనికులు జరిపిన కాల్పుల్లో 50 మందికి పైగా ఆడవాళ్లు పోయారు. ఒక్క అబా పట్నం పేరు పెట్టడమూ తప్పుదారే. పోరు ఓవెరి, కలబార్ ప్రావిన్సులు రెండింట్లోనూ సాగింది, ఇగ్బోల పొరుగు జాతి ఇబిబియో ఆడవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: మరి ఇగ్బో ఆడవాళ్లు తప్పు చేసిన మగవాణ్ని దండించే ‘సిట్టింగ్ ఆన్ ఎ మ్యాన్’? ‘మగాడి మీద కూర్చోవడం’ అంటే నవ్వుతారు.

జవాబు: ‘బైఠాయింపు’ దగ్గరిదే, కానీ అందులో ఊరికే కూర్చోవడమే ఉంది. ఇక్కడ పెళ్లాన్ని హింసించినవాడో, సంత కట్టుబాటు తప్పినవాడో, ఆడవాళ్ల చేలో పశువుల్ని వదిలినవాడో దొరికితే ఆడవాళ్లు వాడి గుడిసె చుట్టూ చేరేవారు. రాత్రంతా ఆటా పాటా, వాడి మీద కట్టిన తిట్లు, రోకళ్లతో గోడలు దంచడం. తప్పు ఒప్పుకునేదాకా కదిలేవారు కారు. ‘రోకళ్ల ముట్టడి’ అందాం. మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యం వివరణ తప్పదు.

ఇంకొకరు: బ్రిటిషువాళ్లు వారంటు (నియామక పత్రం) ఇచ్చి పెట్టిన ఊరిపెద్ద ‘వారెంట్ చీఫ్’ను ‘నాయకుడు’ అనేస్తే అసలు సంగతే పోతుంది. ఆ పల్లెల్లో మగసభ, ఆడసభ వేరువేరు. బ్రిటిషువాళ్లు వారంటు కాగితం మగవాళ్ల చేతికిచ్చారు (వారంటు అందుకున్న ఆడది అహేబి ఉగ్బాబే ఒక్కతే). ఆడసభకు కాగితమే లేదు, కాబట్టి దొరల లెక్కలో అది లేనట్టే. అందుకే ఒలోకో ఆడవాళ్లు తమ ఊరి చీఫ్ ఒకుగో టోపీ ఊడబెరకమన్నారు. టోపీ పదవికి గుర్తు. ‘సనదు పెద్ద’ అంటే మనవాళ్లకు చప్పున తడుతుంది.

జవాబు: సనదంటే ఇనాం భూమి వాసన వస్తుందండీ. ‘వారంటు పెద్ద’ మేలు.

ఇంకొకరు: వారంటంటే పోలీసులే గుర్తొస్తారు కదా! ‘కాగితం పెద్ద’ అంటే?