పిల్లలు, అత్తగారితో కోల్‌కతా: మొదటి రోజు ఏం చూడాలి?

కృష్ణలంక కోడలు:
డిసెంబరు సెలవుల్లో విజయవాడ నుంచి కోల్‌కతా వెళ్తున్నాం. బాబుకు తొమ్మిదేళ్ళు, పాపకు నాలుగు. శాకాహారి అయిన అత్తగారు కూడా వస్తున్నారు. సోమవారం పొద్దున హౌరాలో దిగుతాం. ఆ రోజే విక్టోరియా మెమోరియల్, ఇండియన్ మ్యూజియం రెండూ చుట్టేయాలని మావారి పట్టుదల. బాబేమో నది కింద వెళ్ళే మెట్రో తప్ప మరో మాట ఎత్తడం లేదు. ఎవరి మాట వినాలి?

ఖరగ్‌పూర్ బాబాయి:
బాబు మాటే వినమ్మా. సోమవారం మ్యూజియానికి సెలవు. విక్టోరియాలో గ్యాలరీలూ తెరవరు. మీవారు పాలరాతి గోడలు చూసి వెనక్కి రావాల్సిందే.

ఇక్కడ ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళం తరతరాలుగా రైల్వేను నమ్ముకుని ఉన్నాం. పదవీ విరమణ తర్వాత చుట్టాల పిల్లలను కోల్‌కతా తిప్పే ఉద్యోగం నాకు పడింది. ఆ ఊళ్ళో పిల్లలకు చూసేవాటికన్నా ఎక్కేవి ముఖ్యం. సామాను హోటల్లో పడేసి హౌరాకే తిరిగి రండి. మెట్రో స్టేషన్‌లోకి ఎస్కలేటర్ల మీద ఎంతసేపు దిగినా అడుగు రాదు, అంత లోతు. బండి కదలగానే బాబును కిటికీ దగ్గర నిలబెట్టండి. సొరంగం గోడల మీద నీలం దీపాలు వెలిగాయంటే నెత్తిన హుగ్లీ నది ఉన్నట్టే. ముప్పావు నిమిషంలో అయిపోతుంది, సెల్ఫీలకని ఇటు తిరిగితే అంతే సంగతులు. 2024లో మొదలైన దారి అది.

మహాకరణ్ స్టేషన్‌లో దిగి ఫెయిర్లీ ఘాట్‌కు నడవండి, తిరుగు ప్రయాణం లాంచీలో. జెట్టీ నీటి మీద తేలుతూ ఊగుతుంది, జనం తోసుకుంటారు, పాపను ఎత్తుకోవాలి. అక్కడి నుంచి 1943 నాటి హౌరా వంతెనను చూపించండి. నదిలో ఒక్క స్తంభం లేదు, నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లే. ఇనుముతో బతికినవాణ్ణి కాబట్టి అంటున్నాను, విక్టోరియా కన్నా అదే అందం.

ట్రాముల మీద ఆశ పెట్టుకోకండి, చాలా మార్గాలు ఎత్తేశారు.

సాల్ట్‌లేక్ తెలుగమ్మాయి:
బాబాయిగారూ, అత్తగారి సంగతి మరిచారు! ఇక్కడి వంటల్లో ఆవనూనె ఘాటు పడకపోతే లేక్ మార్కెట్ వైపు వెళ్ళండి. దక్షిణాది కుటుంబాలు ఎప్పటినుంచో ఉన్న పేట, ఇడ్లీ, దోసె, ఫిల్టర్ కాఫీ దొరుకుతాయి. పిల్లలకు లూచీలు అనే మైదా పూరీలు, శనగపప్పుతో చేసే ఛోలార్ డాల్ పెట్టించండి. కొబ్బరి ముక్కలు తగులుతూ తియ్యగా ఉంటుంది, కారం గొడవ లేదు.

ఇంకొకటి, మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ గదికి పాపను తీసుకెళ్ళకండి. మా అమ్మాయి ఆ రాత్రి దీపం ఆర్పనివ్వలేదు. బాబు లోపల చూస్తుంటే పాపతో బయట ఎవరైనా కూర్చోండి. సైన్స్ సిటీలో రోప్‌వే ఉంది, అది ఇద్దరికీ నచ్చుతుంది.

కృష్ణలంక కోడలు:
సోమవారం సంగతి చెప్పి మా ఇంట్లో యుద్ధం ఆపారు, బాబాయిగారూ. బాబుకు రాక్షసబల్లులంటే ప్రాణం. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్‌ను చూసినప్పటి నుంచి అదే ధ్యాస. అక్కడ అలాంటిది ఏమైనా ఉందా?

ఖరగ్‌పూర్ బాబాయి:
ఉంది, అదీ మన వైపుదే! బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బరపాసారస్ అస్థిపంజరం నిలబెట్టారు. ఎముకలు దొరికింది ప్రాణహిత–గోదావరి లోయలో, పేరులో కలిపింది ఠాగూర్‌ను. అయితే అది చదువుల సంస్థ, టికెట్ కొని లోపలికి వెళ్ళే చోటు కాదు. ముందే ఫోను చేసి అనుమతి అడగండి. ఇవ్వకపోతే అలీపూర్ జూకు తీసుకెళ్ళండి, గురువారం మాత్రం దానికి సెలవు. మీవారి విక్టోరియా మంగళవారానికి పెట్టుకోండి.